బిట్‌కాయిన్ రిస్కా, పన్నెండు శాతం వడ్డీ రిస్కా?

థ్యాంక్స్‌గివింగ్ సెలవులకు మా బావమరిది కుటుంబంతో సహా షార్లెట్ నుంచి డాలస్ వచ్చాడు. శుక్రవారం రాత్రి, అక్కాతమ్ముళ్ల కబుర్లు అయ్యి అందరూ పడుకున్నాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని తన ఫోను నా ముందుకు జరిపాడు.

"బావా, అరవై వేల డాలర్లు చేతిలో ఉన్నాయి. ఇల్లు కొందామంటే వడ్డీ రేట్లు దిగి రావట్లేదు. సగం క్రిప్టోలో పెడదామనుకుంటున్నా. బిట్‌కాయిన్ అంటే నాకు భయం, అంత రిస్క్ నావల్ల కాదు. ఇదిగో, ఈ యాప్‌లో డాలర్ కాయిన్ కొని ఉంచుకుంటే పన్నెండు శాతం ఇస్తున్నారు. ఇది సేఫే కదా?"

అతనికి ముప్పై ఆరేళ్లు. ఇద్దరు పిల్లలు. హెచ్1బి మీద ఉన్నాడు, ఈబీ2 క్యూలో ఎప్పటికి వస్తుందో తెలియని గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ అరవై వేలు ఏడేళ్ల పొదుపు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే 2021లో ఇదే ప్రశ్న నాకు నేను వేసుకుని, "సేఫే" అని జవాబు చెప్పుకుని, ఇరవై రెండు వేల డాలర్లు ఒక కంపెనీ వడ్డీ ఖాతాలో పెట్టాను. 2022 వేసవిలో ఒక ఉదయం "విత్‌డ్రాయల్స్ తాత్కాలికంగా నిలిపివేస్తున్నాం" అని ఈమెయిల్ వచ్చింది. ఆ తాత్కాలికం మూడేళ్లు నడిచింది. విడతలు విడతలుగా సగానికి కాస్త పైన తిరిగి వచ్చింది.

నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి. డేటాబేస్‌లు, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ మీదే ఇరవై ఏళ్లు బతికాను. బ్లాక్‌చెయిన్ ఎలా పనిచేస్తుందో బోర్డు మీద గీసి చెప్పగలను. ఆ తెలివి నాకు ఏమాత్రం పనికిరాలేదు. నేను పోగొట్టుకున్నది బ్లాక్‌చెయిన్‌లో కాదు, ఒక కంపెనీ అప్పుల పుస్తకంలో.

ఈ మాట ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. క్రిప్టో ఇప్పుడు మనం వెతుక్కుంటూ వెళ్లే వస్తువు కాదు, మన జీతం ఖాతా దాకా నడిచి వస్తున్న వస్తువు. 2025 ఆగస్టు 7న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు 401కె ఖాతాల్లో డిజిటల్ ఆస్తులకు చోటు కల్పించే దారి చూడమని కార్మిక శాఖకు చెప్పింది. అంతకు రెండు నెలల పైచిలుకు ముందే, 401కెలో క్రిప్టో పెట్టేముందు "అత్యంత జాగ్రత్త" వహించమన్న 2022 నాటి హెచ్చరికను ఆ శాఖ వెనక్కి తీసుకుంది. జూలైలో స్టేబుల్‌కాయిన్ల చట్టం వచ్చింది. అక్టోబర్ మొదట్లో బిట్‌కాయిన్ లక్షా ఇరవై ఆరు వేల డాలర్లు తాకింది. నవంబర్ మూడో వారానికి తొంభై వేలకు దిగువన ఉంది. మనబడి క్లాసుల దగ్గర పిల్లల కోసం కార్లలో కాసుకుని ఉండే తండ్రుల మధ్య ఇప్పుడు రెండే టాపిక్‌లు: లేఆఫ్‌లు, క్రిప్టో.

నిచ్చెన తలకిందులైన ఏడాది

మనవాళ్లలో చాలామంది మనసులో క్రిప్టో ఒక నిచ్చెనలా ఉంటుంది. అన్నింటికన్నా ప్రమాదకరమైన మెట్టు మీద మీమ్ కాయిన్లు. దాని తర్వాత చిన్నాచితకా కాయిన్లు, ఆ తర్వాత ఈథర్, బిట్‌కాయిన్. అన్నింటికన్నా భద్రమైన మెట్టు మీద డాలర్‌తో ముడిపడిన స్టేబుల్‌కాయిన్ కొని వడ్డీ తీసుకోవడం. బావమరిది గీసుకున్న నిచ్చెన కూడా ఇదే. అయితే 2022లో ఏ మెట్టు మీదున్నవాడు ఏమయ్యాడో చూడండి.

బిట్‌కాయిన్ 2021 నవంబర్‌లో దాదాపు 69 వేల డాలర్లు. ఏడాది తిరిగేసరికి 16 వేల లోపు. నాలుగింట మూడు వంతులకు పైగా పోయింది. కానీ కాయిన్ అలాగే ఉంది. అమ్మకుండా కూర్చున్నవాడికి 2024 మార్చిలో పాత ధర తిరిగి కనిపించింది. ఈథర్ కొన్నవాడు ఇంకా ఎక్కువ కాలం ఓపిక పట్టాల్సి వచ్చింది. 2021 నాటి 4,800 డాలర్ల గరిష్ఠాన్ని అది దాటింది 2025 ఆగస్టులో. అంటే దాదాపు నాలుగేళ్లు. 2021 మేలో డెబ్బై సెంట్లు దాటిన డోజ్‌కాయిన్, అదే సెప్టెంబర్‌లో మూడు డాలర్లు దాటిన కార్డానో ఆ ధరల మొహం మళ్లీ చూడలేదు. "అన్నీ పడతాయి, అన్నీ లేస్తాయి" అనే మాట బిట్‌కాయిన్‌ను చూసి పుట్టింది. మిగతావాటికి అది వర్తించదు.

ఇక భద్రమైన మెట్టు. టెర్రా యూఎస్‌డీ అనే కాయిన్ ఎప్పుడూ ఒక డాలర్ విలువే ఉంటుందన్నారు. దాన్ని యాంకర్ అనే చోట జమ చేస్తే ఏడాదికి పందొమ్మిదిన్నర శాతం దాకా ఇచ్చారు. ఆ డాలర్ వెనక డాలర్లు లేవు, లూనా అనే మరో కాయిన్ ఉంది. 2022 మేలో వారం తిరక్కుండా రెండూ కుప్పకూలాయి. అంతకు ముందు నెలలో వంద డాలర్లు దాటిన లూనా సెంటులో భాగానికి పడిపోయింది. సుమారు నాలుగు వేల కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది. దాన్ని కట్టిన డో క్వాన్ 2025 ఆగస్టులో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. డిసెంబర్‌లో 15 ఏళ్ల జైలుశిక్ష పడింది.

మరొకటి సెల్సియస్. నా డబ్బు ఇందులో లేదు గానీ, చదవాల్సిన కేసు ఇదే. బ్యాంకులకన్నా మేమే నయమని ప్రచారం చేసుకుని పదిహేడు శాతం దాకా వడ్డీ ఆశ చూపింది. 2022 జూన్ 12న గేట్లు మూసింది, జూలైలో దివాలా పిటిషన్ వేసింది. 2023 జనవరిలో దివాలా జడ్జి ఇచ్చిన తీర్పు నేను రెండుసార్లు చదివాను. వడ్డీ ఖాతాలో వేసిన కాయిన్లు వేసినవాళ్లవి కావు, కంపెనీవి. సైన్ అప్ చేసేటప్పుడు మనం చదవకుండా నొక్కిన షరతుల్లో ఆ ముక్క స్పష్టంగానే ఉంది. దాదాపు 420 కోట్ల డాలర్ల మేర జనం ఒక్క తీర్పుతో ఖాతాదారుల నుంచి అప్పులవాళ్ల క్యూలో చివరి వరసకు వెళ్లిపోయారు. కంపెనీ అధిపతి అలెక్స్ మషిన్‌స్కీకి 2025 మేలో 12 ఏళ్ల శిక్ష పడింది.

కాబట్టి క్రిప్టోలో రిస్క్ ఒకటి కాదు, రెండు. మొదటిది ధర రిస్క్. అది అందరికీ కనిపిస్తుంది, రోజూ ఫోనులో ఎర్రగా పచ్చగా మెరుస్తుంది, కాబట్టి దానికి భయపడతాం. రెండోది ఎదుటివాడి రిస్క్. మన సొమ్ము పట్టుకున్నవాడు దాన్ని ఏం చేస్తున్నాడు, అడిగిన రోజున ఇవ్వగలడా అన్నది. ఇది చివరి రోజు దాకా కనిపించదు. ప్రతి నెలా వడ్డీ టంచనుగా పడుతుంటే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. మొదటి రిస్క్‌కు భయపడి రెండోదాని ఒళ్లోకి వెళ్లి కూర్చోవడమే 2021లో నేను చేసిన పని, 2025లో మా బావమరిది చేయబోయిన పని.

ఎదుటివాడి రిస్క్‌లో ఇంకో మెలిక ఉంది. ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబర్‌లో దివాలా తీసింది. దాని ఖాతాదారుల్లో చాలామందికి 2025లో వడ్డీతో సహా డబ్బు వచ్చిందని వార్తలు చదివి, "చూశారా, మొత్తం ఇచ్చేశారు" అన్నవాళ్లున్నారు. ఇచ్చింది పిటిషన్ వేసిన నాటి ధరకు. ఒక బిట్‌కాయిన్ పెట్టుకున్నవాడికి దాదాపు 16,900 డాలర్ల లెక్క. డబ్బు చేతికొచ్చేనాటికి బయట అదే బిట్‌కాయిన్ దానికి అయిదారు రెట్లు ఉంది. ధర పడితే నష్టం ఖాతాదారుడికి, కంపెనీ మునిగాక ధర పెరిగితే లాభం మాత్రం అతనికి లేదు.

ఇది మనకు కొత్త కథ కాదు

మా నాన్న తెనాలిలో స్కూలు మాస్టారుగా పనిచేసేవారు. ఈ శతాబ్దం మొదట్లో మా అక్క పెళ్లి కోసం దాచిన డబ్బు ఒక కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో వేశారు. స్టేట్ బ్యాంకుకన్నా మూడు శాతం ఎక్కువ ఇస్తామన్నారు. ఒకరోజు షటర్ తెరుచుకోలేదు. షటర్ ముందు గంటల తరబడి నిలబడిన మాస్టార్లూ రిటైరైన గుమాస్తాలూ నాకు ఇప్పటికీ గుర్తు. అగ్రిగోల్డ్ సంగతి మీకు తెలిసిందే. విజయవాడ కేంద్రంగా, స్థలాలో మంచి రాబడో ఇస్తామని అనేక రాష్ట్రాల్లో 32 లక్షల మంది దగ్గర ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా సేకరించారు. అక్కడ ఏజెంటు మన పక్కింటి అన్నయ్యే. ఇక్కడ ఏజెంటు యాప్‌లోని రిఫరల్ కోడ్. "నా లింక్‌తో చేరితే ఇద్దరికీ యాభై డాలర్లు" అని నాకు పంపినవాడు నా రూమ్మేటు. అతని సొమ్మూ పోయింది.

ఆ షటర్ సంగతి తెలిసి కూడా నేనెందుకు పడ్డానని చాలాసార్లు ఆలోచించాను. బహుశా యాప్ బాగుంది కాబట్టి. నాన్న వెళ్లిన బ్యాంకులో ఫ్యాను తిరిగేది కాదు, పాస్‌బుక్కు అట్టలు ఊడిపోయి ఉండేవి. నా యాప్‌లో ప్రతి సోమవారం పొద్దున వడ్డీ పడినట్టు చిన్న గంట మోగేది.

ఒక చిన్న లెక్క ఆనాడే వేసుకుని ఉండాల్సింది. అమెరికా ప్రభుత్వం స్వల్పకాలానికి అప్పు తీసుకుంటే 2025 చివర్లో నాలుగు శాతం చుట్టుపక్కల ఇచ్చేది. డాలర్ మీద దానికన్నా భద్రమైన అప్పు లేదు. అదే డాలర్ మీద ఒకడు పన్నెండు ఇస్తున్నాడంటే, మధ్యలో ఉన్న ఎనిమిది ఎక్కడి నుంచో రావాలి. వాడు ఇంకెవరికో పదిహేనుకో ఇరవైకో అప్పిస్తూ ఉండాలి. ఆ రేటుకు తీసుకునేది సాధారణంగా అప్పు మీద అప్పు చేసి కాయిన్ల మీద పందెం కాసేవాడు. ధర పెరుగుతున్నన్నాళ్లే వాడు తీర్చగలడు. అలా కాకపోతే కొత్తగా చేరినవాళ్ల డబ్బే పాతవాళ్లకు వడ్డీగా ఇస్తూ ఉండాలి. రెండింట్లో ఏదైనా, బిట్‌కాయిన్ పడిన రోజున "సేఫ్" ఖాతా కూడా పడుతుంది. అంటే ధర రిస్క్ ఎక్కడికీ పోలేదు, ముసుగేసుకుని వచ్చింది.

బావమరిది ఊరుకోలేదు. "ఇప్పుడు చట్టం వచ్చింది కదా బావా?" అన్నాడు. వచ్చిన మాట నిజమే. 2025 జూలై 18న సంతకమైన జీనియస్ యాక్ట్ ప్రకారం స్టేబుల్‌కాయిన్ జారీ చేసేవాడు ప్రతి కాయిన్‌కూ ఒక డాలర్ చొప్పున నగదో, స్వల్పకాల ప్రభుత్వ బాండ్లో, ఆ కోవకు చెందినవో చూపించాలి. టెర్రా లాంటి గాలిమేడకు ఇందులో చోటు లేదు. మంచి చట్టమే. కానీ అదే చట్టం జారీ చేసేవాడు వడ్డీ ఇవ్వకూడదని కూడా చెప్పింది. మరి యాప్‌లో కనిపించే పన్నెండు శాతం ఎవరిస్తున్నారు? కాయిన్ కాదు, మధ్యలో ఉన్న కంపెనీ. "రివార్డులు" పేరుతో అలా ఇవ్వొచ్చా లేదా అన్నదాని మీద బ్యాంకులకూ క్రిప్టో కంపెనీలకూ 2025లో వాషింగ్టన్‌లో పెద్ద పోరే నడిచింది. కాయిన్‌కు ఉన్న రక్షణ ఆ కాయిన్‌ను అప్పుగా తీసుకున్న కంపెనీకి అంటదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే ఎఫ్‌డీఐసీ బీమా స్టేబుల్‌కాయిన్‌కు లేదు. నిజమైన డాలర్లు వెనక ఉన్న యూఎస్‌డీసీ కూడా 2023 మార్చిలో, దాని నిల్వల్లో 330 కోట్ల డాలర్లు సిలికాన్ వ్యాలీ బ్యాంకులో ఇరుక్కుపోయాయని తెలియగానే, ఒక వారాంతం 88 సెంట్ల దాకా జారింది. ప్రభుత్వం ఆ బ్యాంకు డిపాజిట్లన్నిటికీ హామీ ఇచ్చాక కోలుకుంది. ఆ శనివారం భయపడి అమ్మినవాడికి మాత్రం నష్టం నష్టమే.

నా లెక్కలో ఇప్పుడు "సంప్రదాయ" క్రిప్టో అంటే వడ్డీ లేనిది. బిట్‌కాయిన్ కావాలనుకుంటే, 2024 జనవరిలో ఎస్‌ఈసీ అనుమతించిన స్పాట్ ఈటీఎఫ్‌లు మామూలు బ్రోకరేజ్ ఖాతాలోనే దొరుకుతున్నాయి. అతి పెద్దదైన బ్లాక్‌రాక్ ఫండుకు ఏడాది ఖర్చు 0.25 శాతం, అంటే పదివేల మీద పాతిక డాలర్లు. పాతదైన గ్రేస్కేల్ ఫండుకు 1.5 శాతం, అదే పదివేల మీద నూటయాభై. లోపల ఉన్న కాయిన్ రెండింట్లోనూ ఒకటే. అలవాటు కొద్దీ ఖరీదైనదాంట్లోనే ఉండిపోయినవాళ్లు నాకు తెలుసు. ఈటీఎఫ్‌లో ఎదుటివాడి రిస్క్ పూర్తిగా పోదు, చాలా తగ్గుతుంది. చాలా ఫండ్ల కాయిన్లు కాయిన్‌బేస్ అనే ఒకే సంస్థ దగ్గర ఉండటం నాకు అంతగా నచ్చని విషయం. అయినా ఆ ఫండు మన కాయిన్లను ఇంకొకడికి అప్పిచ్చి మనకు వడ్డీ ఆశ చూపట్లేదు. మిగిలింది ధర రిస్క్. అది ఎంత నిజమో 2025 అక్టోబర్ 10 చూపించింది. చైనా మీద అదనంగా వంద శాతం సుంకం వేస్తానని ట్రంప్ ప్రకటించిన కొన్ని గంటల్లో, అప్పు మీద కాసిన పందేల్లో సుమారు 1900 కోట్ల డాలర్ల విలువైనవి బలవంతంగా మూతపడ్డాయి. బిట్‌కాయిన్ ఒక్క రాత్రిలో పదిహేను వేల డాలర్ల దాకా పడింది. చిన్న కాయిన్లు కొన్ని నిమిషాల్లో సగానికి సగం పోయాయి.

మీమ్ కాయిన్ల గురించి ఎక్కువ రాయను. 2025 జనవరిలో ప్రమాణస్వీకారానికి మూడు రోజుల ముందు అధ్యక్షుడి పేరుతోనే వచ్చిన కాయిన్ రెండు రోజుల్లో డెబ్బై డాలర్లు దాటింది, ఆ ఏడాదిలోనే పది డాలర్ల కిందికి వచ్చింది. వేగాస్ వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకునే డబ్బు ఎంతో అంతవరకే. అది పెట్టుబడి అని పేరు పెట్టుకోకపోతే చాలు.

మన జీతం కూడా ఒక కాయినే

అసలు నేను బావమరిదితో ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించే. హై రిస్కా, లో రిస్కా అని అడిగేటప్పుడు మనం కాయిన్‌ను మాత్రమే చూస్తాం. ఆ కాయిన్ పట్టుకున్న మనిషిని చూడం. అమెరికాలో తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబం సంగతి తీసుకోండి. జీతం టెక్ కంపెనీ నుంచి. బోనస్ అదే కంపెనీ షేర్లలో. 401కెలో ఉన్న ఇండెక్స్ ఫండులోనూ పెద్ద వాటా టెక్‌దే. ఇంటి ధర ఆ ఊళ్లో ఉన్న టెక్ ఉద్యోగాల మీద ఆధారపడింది. వీసా ఆ ఉద్యోగం మీద. ఉద్యోగం పోతే అరవై రోజులు.

2022లో ఏమైంది? నాస్‌డాక్ 33 శాతం పడింది. బిట్‌కాయిన్ అదే ఏడాది 60 శాతానికి మించి పడింది. మెటా ఆ నవంబర్‌లో 11 వేల మందిని పంపించింది, తర్వాతి జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని. ఇవన్నీ వేరువేరు సంఘటనలు కావు. వడ్డీ రేట్లు పెరగడం అనే ఒక్క కారణం అన్నింటినీ ఒకేసారి లాగింది. బిట్‌కాయిన్ "డిజిటల్ బంగారం" అని, షేర్లు పడినప్పుడు ఆదుకుంటుందని చెప్పే మాట ఆ ఏడాది నిలబడలేదు. మా వీధిలోనే ఒకాయనకు ఉద్యోగం పోయిన వారంలోనే డబ్బు అవసరమై, పదిహేడు వేల దగ్గర బిట్‌కాయిన్ అమ్ముకున్నాడు. ఆయన తప్పు కాయిన్ ఎంచుకోవడంలో లేదు. ఇంటి ఖర్చుకు ఆరు నెలల డబ్బు పక్కన లేకపోవడంలో ఉంది. ఒక డాక్టరుకో, ప్రభుత్వ స్కూల్లో పనిచేసే టీచరుకో ఈ రిస్క్ మనకున్నంత బరువుగా ఉండదు. అదే కాయిన్ మన చేతిలో ఇంకా రిస్కీ.

అందుకే ఏ కాయిన్ అన్నదానికన్నా ఎంత అన్నదే నాకు పెద్ద ప్రశ్న. మొత్తం పొదుపులో అయిదు శాతం బిట్‌కాయిన్‌లో ఉంటే, అది మళ్లీ 2021-22లా డెబ్బై అయిదు శాతం పడినా మొత్తంలో పోయేది నాలుగు శాతం లోపు. నిద్రపడుతుంది. యాభై శాతం ఉంటే పోయేది ముప్పై ఏడున్నర. పైగా డెబ్బై అయిదు శాతం పడినది మొదటి ధరకు రావాలంటే నాలుగు రెట్లు కావాలి. మా పెద్దమ్మాయికి 2021 నవంబర్‌లో పదిహేనేళ్లు. ఆమె కాలేజీ డబ్బు ఆనాడు బిట్‌కాయిన్‌లో పెట్టి ఉంటే, అడ్మిషన్ ఫీజు కట్టే వేళకు అది అప్పుడప్పుడే అసలుకు చేరి ఉండేది. ఈథర్‌లో పెట్టి ఉంటే ఆమె సెకండ్ ఇయర్‌లోకి వచ్చేదాకా చేరేది కాదు. మూడేళ్లలోపు అవసరమయ్యే డబ్బుకు ఈ నిచ్చెనలో ఏ మెట్టూ సరిపోదు. బావమరిది అరవై వేలూ ఇంటి డౌన్‌పేమెంటుకే.

ఇండియాలో కొందామనుకునేవాళ్ల కోసం ఒక మాట. హైదరాబాద్‌లో తమ్ముడి పేరుతో కొంటే పన్ను తప్పుతుందనే భ్రమ ఇంకా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. అదే ఏడాది జూలై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. అంతకన్నా గట్టి దెబ్బ, ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంతో సర్దుబాటు చేసుకోవడానికి లేదు. ఒకదాంట్లో అయిదు లక్షలు వచ్చి, మరోదాంట్లో అయిదు లక్షలు పోతే మీ చేతిలో మిగిలింది సున్నా, కట్టాల్సిన పన్ను లక్షా యాభై ఆరు వేలు. అమెరికాలో అయితే రెండూ చెల్లు. నష్టమే మిగిలితే ఏడాదికి మూడు వేల డాలర్ల దాకా మామూలు ఆదాయంలో తగ్గించుకోవచ్చు, మిగతాది తర్వాతి ఏళ్లకు తీసుకెళ్లొచ్చు. ఏడాదికి మించి ఉంచుకున్నవాటికి పన్ను రేటు తక్కువ. ఇక్కడ పన్ను రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడ వచ్చిన లాభమైనా ఐఆర్‌ఎస్‌కు చెప్పాల్సిందే. 1040 ఫారం మొదటి పేజీలోనే డిజిటల్ ఆస్తుల గురించి అవునా కాదా అని అడుగుతారు. 2025 లావాదేవీల నుంచి ఎక్స్ఛేంజ్‌లు 1099-డీఏ ఫారం పంపుతున్నాయి కాబట్టి, మర్చిపోయామనే మాట ఇక చెల్లదు. దుబాయ్‌లో ఉన్న మనవాళ్లకు వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు గనుక ఈ తలనొప్పి తక్కువ. అయితే అక్కడ తేలిగ్గా కొనగలగడమే ఎక్కువ కొనేలా చేస్తుంది. బ్రిటన్‌లో పన్ను లేని మూలధన లాభం పరిమితి మూడు వేల పౌండ్లకు కుదించుకుపోయిందని గుర్తుంచుకోవాలి.

అమ్మానాన్నల ఫోన్లు కూడా ఒకసారి చూడండి. క్రిప్టోతో ముడిపడిన మోసాల్లో 2024లో 930 కోట్ల డాలర్లు పోయాయని ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదులు చెబుతున్నాయి. అందులో అరవై దాటినవాళ్లు పోగొట్టుకున్నది 280 కోట్లు. అది ఇక్కడి లెక్క. గుంటూరులో, కరీంనగర్‌లో వాట్సాప్ గ్రూపుల్లో చేర్చుకుని "రోజుకు రెండు శాతం" అంటున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఇక చివరిగా, నేను చెప్పడానికి ఇష్టపడని సంగతి. ఆ ఈమెయిల్ వచ్చాక పదకొండు రోజులు మా ఆవిడకు చెప్పలేదు. ఆ డబ్బు అక్కడ పెట్టినట్టు కూడా ఆమెకు తెలియదు. ఆ రోజుల్లో ఆఫీసు పని ఉందని రాత్రి ఒంటిగంట దాకా కింద కూర్చుని, టెలిగ్రామ్ గ్రూపుల్లో నాలాంటివాళ్ల మెసేజ్‌లు చదువుతూ ఉండేవాణ్ణి. పన్నెండో రోజు చెప్పాను. "ఎంత?" అంది. చెప్పాను. "నీకేమైనా అయితే ఇది అడగాలని నాకెలా తెలుస్తుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె చిట్టీ లెక్కలు రాసుకునే నోటుపుస్తకం తెచ్చి, కొత్త పేజీ తీసి, కంపెనీ పేరూ మొత్తమూ రాసుకుంది.

మన ఇళ్లలో ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. కాయిన్లు సొంత వాలెట్‌లో పెట్టుకునేవాడి దగ్గర పన్నెండో ఇరవై నాలుగో ఇంగ్లిష్ మాటలుంటాయి. ఆ మాటలు ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్లది. పోతే ఏ బ్యాంకూ, ఏ కోర్టూ తిరిగి ఇప్పించలేదు. ఎదుటివాడి రిస్క్ పూర్తిగా వద్దనుకుని ఆ దారి పట్టినవాళ్లను నేను గౌరవిస్తాను. కానీ అప్పుడు ఎదుటివాడి స్థానంలో మనమే ఉంటాం. హైవే మీద ఒక ప్రమాదం, ఒక గుండెపోటు చాలు. భార్యకు కాయిన్లున్నాయని తెలుసు, మాటలు తెలియవు. మా అసోసియేషన్‌లో అలాంటి కుటుంబానికి సాయం చేయబోయి, ఏం చేయలేక చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఈటీఎఫ్‌లో ఉంటే కనీసం నామినీ పేరుంటుంది, డెత్ సర్టిఫికెట్ పట్టుకుని వెళితే పని జరుగుతుంది. నా దగ్గర ఇప్పుడున్న కొద్దిపాటి బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లో ఉండటానికి అసలు కారణం అదే. ఖర్చు, పన్ను తర్వాతి సంగతి.

ఆ రాత్రి బావమరిది ఆ యాప్‌లో డబ్బు వేయలేదు. మానేస్తానని కూడా అనలేదు, "ఆలోచిస్తా బావా" అన్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. యాభై ఏడు వేలు ఆరు నెలల ట్రెజరీ బిల్లుల్లో పెట్టాడట. మూడు వేలతో బిట్‌కాయిన్ ఈటీఎఫ్ కొన్నాడట. కొన్న మర్నాడే అది నాలుగు శాతం పడిందని కాస్త నొచ్చుకున్నాడు. నేను నవ్వాను.

"సరే గానీ బావా, ఖాతాలు, నామినీలు అన్నీ ఒక పుస్తకంలో రాశామన్నావు కదా, దాంట్లో ఏమేం రాయాలి?" అన్నాడు.

"పుస్తకం నా దగ్గర లేదు, మీ అక్కని అడుగు" అని ఫోను ఆవిడకిచ్చాను. వాళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.